న్డిజి న్యామా: అరటికాయ గట్టిగా, పులుసు నల్లగా ఎందుకొస్తోంది?

#1 పచ్చబొంత
టాంజానియా వాళ్ల న్డిజి న్యామా గురించి అడుగుతున్నాను. స్వాహిలీలో న్డిజి అంటే అరటి, న్యామా అంటే మాంసం. కూరంతా పేరులోనే ఉంది కదా అని దిగితే మూడు తేడాలొచ్చాయి. ముక్క పైన మెత్తగా, లోపల గట్టిగా ఉంది. పులుసు బూడిద రంగుకి తిరిగింది. పైగా నాలుక పట్టేసే వగరు.

చేసిన పద్ధతి ఇది: ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు, అల్లం వెల్లుల్లి వేయించి, ముప్పావు కిలో మటన్, ఆరు బొంత అరటికాయల ముక్కలు ఒకేసారి కుక్కర్‌లో వేసి ఐదు విజిల్స్. కాయ నల్లబడకుండా అరచెక్క నిమ్మరసం కూడా. ఎక్కడ తప్పింది?

#2 దార్_వంటిల్లు
పచ్చబొంత గారూ, తప్పింది ఒక్కచోట కాదు.

ముందుగా, మాంసం ఉడికే టైము వేరు, కాయ ఉడికే టైము వేరు. దోసకాయ మాంసం వండేటప్పుడు దోసకాయ ముక్కల్ని మాంసంతోపాటు కుక్కర్‌లో వేయం కదా, ఇదీ అంతే. మాంసం పూర్తిగా ఉడికాకే కాయ పడాలి. అది కూడా ఆ మాంసం ఉడికిన నీళ్లలోనే ఉడకాలి. ఈ కూరకి రుచి అక్కణ్నుంచి వస్తుంది, పోపుల డబ్బా నుంచి కాదు.

నలుగురికి కొలతలు:
ఎముకతో మాంసం 1 కిలో (అక్కడ ఎక్కువగా గొడ్డు మాంసం, మేక కూడా వాడతారు)
తొక్కతో కాయలు 1.25 కిలోలు, తొక్క పోగా ముప్పావు కిలో దాకా మిగులుతుంది
ఉల్లిపాయలు పెద్దవి 2, టమాటాలు 2, క్యారెట్ 1, క్యాప్సికం 1 (దాన్ని అక్కడ హోహో అంటారు)
అల్లం వెల్లుల్లి ముద్ద టేబుల్ స్పూను
నూనె 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు

మెత్తటి కండ కొనకండి. పిక్క, పక్కటెముకలు, మూలిగ ఉన్న ఎముక ఉండాలి. మాంసంలో ఉప్పు, అల్లం వెల్లుల్లి వేసి లీటరున్నర నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మొదటి పొంగుకి తేలే మురికి నురగ తీసేసి, మంట బాగా తగ్గించాలి. గొడ్డు మాంసానికి గంటన్నర నుంచి రెండు గంటలు, మేకకి గంట. ఎముక దగ్గర కండ వదులుగా కదిలితే అయినట్టు. చివరికి 700 నుంచి 800 మిల్లీలీటర్ల నీళ్లు మిగలాలి. వాటిని వడకట్టి ఉంచుకోండి, ఎముక పొట్టు పోతుంది.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నెలో నూనె పోసి ఉల్లిపాయలు లేత బంగారు రంగు వరకే వేయించాలి. బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా కాల్చేస్తే పులుసు తియ్యగా, ముదురు రంగులో తయారవుతుంది. క్యారెట్, ఉడికిన మాంసం వేసి నాలుగైదు నిమిషాలు వేపాక, కాయల్ని పైన పేర్చండి. మాంసం కింద, కాయ మీద. వడకట్టిన నీళ్లు కాయల ముప్పావు ఎత్తు దాకా పోస్తే చాలు, ముంచెయ్యొద్దు. మూత పెట్టి సన్నసెగ మీద 20 నిమిషాలు. ఈ 20 నిమిషాలూ గరిటె జోలికి పోకూడదు. అడుగంటుతుందని భయమేస్తే గిన్నెని గుడ్డతో పట్టుకుని కుదపండి.

టమాటాలు విడిగా నూనెలో మగ్గబెట్టి గుజ్జు చేసి ఉంచుకోండి. కాయ సగం పైగా ఉడికాక ఆ గుజ్జు, క్యాప్సికం పైన వేసి, ఇంకో 7 నిమిషాలు. దించి పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే పులుసు దానంతట అదే చిక్కబడుతుంది. ఇగురు కన్నా కాస్త జారుగా, పులుసు కన్నా చిక్కగా ఉంటే సరిపోయింది.

#3 కొవ్వూరు_తోట
వంట పద్ధతి బాగుంది. అయితే సగం సమస్య కాయలోనే ఉంది.

మన బొంత, వాళ్ల కూర అరటి ఒక జాతి కాదు. ఉగాండా, టాంజానియాలోని కగేరా వైపు పండే మటోకే రకాలు ఏఏఏ గుంపువి. కిలిమంజారో వాలుల మీద చగ్గా వాళ్లు పెంచే మ్షారె ఏఏ గుంపు. మన బొంత ఏబీబీ. నేంద్రం, ప్లాంటెయిన్‌లు ఏఏబీ. ఈ అక్షరాలు అడవి అరటి నుంచి వచ్చిన వాటాలకి గుర్తు: 'ఏ' అంటే ముసా అక్యుమినాటా, 'బీ' అంటే ముసా బాల్బీసియానా. బీ వాటా పెరిగేకొద్దీ సాధారణంగా కాయలో పిండి ఎక్కువ, తడి తక్కువ. అందుకే బొంత ఉడికితే పొడిపొడిగా విరుగుతుంది, మటోకే మాత్రం వెన్నలా మెత్తబడుతుంది.

ఈ లెక్కన మన దగ్గర దొరికేవాటిలో దానికి దగ్గరైనది బొంత కాదు, పూర్తి పచ్చి గ్రాండ్ నైన్. అదీ ఏఏఏ గుంపే. పండుగా అమ్మే కాయని కూరకా అని మొహం చిట్లించకండి, పచ్చిగా ఉన్నప్పుడు అది చక్కటి కూరకాయ. ఇతర దేశాల్లో మటోకే దొరకని తూర్పు ఆఫ్రికా వాళ్లు వాడేదీ అదే.

బొంతతోనే చేస్తానంటే మార్పులు రెండు. 4 సెంటీమీటర్ల ముక్కలు కోయండి, కాయని నిలువునా వదిలేస్తే మధ్యలో ఉడకదు. పులుసు నీళ్లు ఇంకో 150 మిల్లీలీటర్లు పెంచండి, బొంత నీళ్లు తాగేస్తుంది.

ముదురు చూసుకోవడం కూడా ముఖ్యం. గ్రాండ్ నైన్‌లో అంచులు పదునుగా ఉన్న కాయ లేతది, అందులో వగరు ఎక్కువ, పిండి తక్కువ. కోణాలు గుండ్రబడిన కాయ తీసుకోవాలి. బొంతకి ఈ గుర్తు పనిచెయ్యదు, దానికి ముదిరినా అంచులుంటాయి. దాన్ని లావు చూసి, గెల ఎన్నాళ్లదో అడిగి కొనాల్సిందే.

#4 గిన్నెలబండి
తొక్క సంగతి ఎవ్వరూ చెప్పలేదేందన్నా? బూడిద రంగుకు అసలు కారణం అదే.

చేతులకు, కత్తికి నూనె రాసుకోవాలె. లేకపోతే బంక పట్టి రెండు రోజులు పోదు. రెండు కొసలు కోసి, కోణాల మీద నిలువునా మూడు నాలుగు గాట్లు పెట్టి, బొటనవేలుతోని తొక్కను అడ్డంగా లేపాలె. నీళ్ల గిన్నెల ముంచి తీస్తే బంక నీళ్లల్లనే ఉంటది. తొక్క కింద తెల్లటి పీచు పొర ఒకటి మిగుల్తది, కత్తితోని గీకి తియ్యుండ్రి. అది ఉడికినంక నల్లగ, పీచుపీచుగ పులుసుల తేలుతది.

తొక్క ఊడకపోతే గాట్లు పెట్టి మరిగే నీళ్లల్ల 2 నుంచి 3 నిమిషాలు వేసి తియ్యుండ్రి, ఈజీగ వస్తది. అట్ల చేసినప్పుడు పులుసుల ఉడికే టైం 4 నిమిషాలు తగ్గించుకోవాలె.

ఒలిచిన కాయ ఉప్పు నీళ్లల్ల 10 నిమిషాలు, లీటరుకు చిన్న చెంచెడు ఉప్పు. ఆ నీళ్లు పారబొయ్యాలె, వగరు కొంత దాంట్ల పోతది. గంటలు గంటలు నానబెట్టకుండ్రి, కాయ చప్పగైతది.

ఇంకోటి, ఇనుప కడాయిల వండకుండ్రి. కాయల వగరు ఇనుముతోని కలిసి సిరా లెక్క నల్లగైతది. అక్కడోళ్లు వాడేది సుఫురియా, అంటే పిడి లేని, అడుగు చదునుగ ఉన్న అల్యూమినియం గిన్నె. మన తపేలానే అనుకోండి. స్టీలు మందంగుంటే అదీ మంచిదే.

#5 పచ్చబొంత
ఇనుప మూకుడు కాదు, అల్యూమినియం కుక్కరే. అంటే పీచు పొర, నానబెట్టకపోవడమే అన్నమాట. మరి నిమ్మరసం? కాయ నల్లబడకుండా నిమ్మ మంచిదని అన్నిచోట్లా రాస్తారు కదా.

#6 ఉడుకుపప్పు
నిమ్మరసం రంగుకి మంచిదే, ఉడకడానికి మాత్రం అడ్డం. ముక్క లోపల గట్టిగా మిగలడానికి కారణం అదే, దానికి నాలుగు టమాటాలు తోడయ్యాయి.

కాయలో కణాల్ని ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్. వేడి నీళ్లలో అది కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పులుపు ఉంటే కరగనివ్వదు. ఇది మన వంటింట్లో తెలిసిన సంగతే: ఆనపకాయ పులుసులో ముక్కలు ఉడికాకే చింతపండు రసం పోస్తాం, పప్పు మెదిగాకే పులుపు వేస్తాం. ముందే పోస్తే గంట ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. అందుకే నానబెట్టే నీళ్లలో ఉప్పు చాలు. నిమ్మకాయ కంచం దగ్గర పిండుకోండి.

#7 గోదారి_రుచులు
నాదొక సలహా. చివర్లో ఒక చెంచా గరం మసాలా, ధనియాల పొడి వేస్తే ఆ చప్పదనం పోతుంది. మాంసం కూరలో లవంగం చెక్క లేకపోతే నీచు వాసన రాదా?

#8 దార్_వంటిల్లు
వేసుకోవచ్చండీ, ఎవరూ కాదనరు. కాకపోతే అప్పుడది మన అరటికాయ మాంసం అవుతుంది, న్డిజి న్యామా కాదు. నీచు వాసన ఉడకబెట్టేటప్పుడు నురగ తియ్యకపోతే వస్తుంది. అది తీసేసి, అల్లం సరిగ్గా పడితే లవంగంతో పనిలేదు.

ఇందులో ప్రాంతాల తేడా కూడా ఉంది. మోషీ, మరంగు వైపు చగ్గా వాళ్లు ఈ కూరనే మచలారి అంటారు. అందులో మసాలా ఉండదు, టమాటా కూడా కొన్ని ఇళ్లలో వెయ్యరు. మాంసం నీళ్లు, ఉల్లి, ఉప్పు, కాయ, అంతే. సముద్రం ఒడ్డుకి వస్తే పసుపు, బిజారి అనే కూరపొడి, కొబ్బరిపాలు చేరతాయి. కాబట్టి మసాలా వెయ్యాలంటే తీరప్రాంతం పద్ధతిలో చెయ్యండి. రెండూ కలిపి మధ్యలో ఆగితే ఏ రుచీ నిలబడదు.

కారం కావాలంటే పిలిపిలి మ్బుజి అనే గుండ్రటి మిరపకాయని చీల్చకుండా, తొడిమతో పులుసు పైన పెడతారు. వాసన మాత్రమే దిగుతుంది. గరిటె తగిలి పగిలిందంటే కూర మొత్తం కారం. మన దగ్గర దానికి బదులు తొడిమ తీయని పచ్చిమిర్చి రెండు వేసి, వడ్డించే ముందు తీసేయండి.

#9 కోనసీమ_కోరు
కొబ్బరిపాల పద్ధతి రాస్తున్నా.

స్వాహిలీలో నాజి అంటే కొబ్బరికాయ, తుయి అంటే దాని పాలు. కొబ్బరి కోరడానికి వాళ్లు వాడే పీటని మ్బుజి అంటారు, అంటే మేక. కూర్చునే చెక్క పీట, ముందు పళ్లున్న ఇనుప నాలుక, అచ్చంగా మన కోరాము లాంటిదే.

ఒక పెద్ద కాయ కోరుని ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లతో పిసికి మొదటి పాలు తీసి పక్కన పెట్టండి. అదే కోరులో రెండు గ్లాసుల నీళ్లు పోసి రెండోసారి పల్చటి పాలు తియ్యండి. కాయల్ని ఉడికించే నీళ్లలో సగం మాంసం నీళ్లు, సగం ఈ పల్చటి పాలు. పసుపు పావు చెంచా. చిక్కటి పాలు కాయ పూర్తిగా ఉడికాక, చివరి 5 నిమిషాల్లో, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేంత సెగ మీదే. తెర్లితే పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. రుచి చెడదు గానీ పులుసు ముద్దముద్దగా విడిపోతుంది. టమాటా పులుపు ఎక్కువగా ఉన్నా పాలు విరుగుతాయి కాబట్టి ఈ పద్ధతిలో ఒక టమాటా చాలు. డబ్బా పాలు వాడితే 400 మిల్లీలీటర్ల డబ్బా కదపకుండా తెరిచి, పైన పేరుకున్న చిక్కటిది విడిగా తీసి అట్టిపెట్టుకోండి.

#10 కంపాలా_బోటి
ఇది టాంజానియా కూర కాబట్టి పెద్దగా దూరను గానీ, ఉగాండాలో దీనికి దగ్గరి చుట్టం కటోగో. పొద్దున టిఫిన్‌కి తినేది, మటోకే కాయలు బోటితోనో మాంసంతోనో ఒకే గిన్నెలో.

దయచేసి దీన్ని అసలు మటోకేతో కలిపెయ్యకండి. అది వేరు: ఒలిచిన కాయల్ని అరటి ఆకుల్లో మూటకట్టి ఆవిరి మీద ఉడికించి, ఆకుల మీంచే ఒత్తి ముద్ద చేసి, పులుసు పక్కన పెట్టుకుని తినేది. కటోగోలో కాయ ముద్ద అవ్వదు, మాంసంతోనే ఉడుకుతుంది.

బోటి అయితే వేడినీళ్లు పోసి గీకి, ఉప్పు రుద్ది మూడు నాలుగుసార్లు కడగాలి. మొదటి ఉడుకు నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో గంటన్నర నుంచి రెండు గంటలు ఉడికించాలి. ఆ మొదటి నీళ్లు పొదుపు చేశారో, కూరంతా వాసనే. మాంసం నీళ్లు దాచుకోవాలన్న దార్ గారి సూత్రం ఇక్కడ రెండో నీళ్లకే వర్తిస్తుంది.

మాంసం లేకుండా వేరుశనగతో కూడా చేస్తారు. 100 గ్రాముల పల్లీల పొడిని అరలీటరు నీళ్లలో కలిపి, 20 నిమిషాలు కలుపుతూ సన్నసెగ మీద ఉడికించి, సగం ఉడికిన కాయల మీద పోయాలి. పల్లీ అడుగంటితే వాసన కాయకి పట్టేస్తుంది, అందుకే రెండూ మొదటి నుంచీ ఒకే గిన్నెలో పెట్టకూడదు.

ఒక చిట్కా రెండు కూరలకీ పనికొస్తుంది. మూత కింద అరటి ఆకు ముక్క కప్పండి. ఆవిరి బయటికి పోదు, నీళ్ల పైన మిగిలిన పావు వంతు కాయ కూడా సమంగా ఉడుకుతుంది, పైభాగం ఎండి నల్లబడదు.

#11 పచ్చబొంత
ఇంత వివరం ఊహించలేదు, అందరికీ థాంక్స్. కుక్కర్ పూర్తిగా మానెయ్యాలా? రెండు గంటల గ్యాస్ అంటే కష్టం.

#12 గిన్నెలబండి
మాంసానికి కుక్కర్ బరాబర్ పెట్టుకోవచ్చు. పెద్దకూర అయితే మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి 30 నుంచి 35 నిమిషాలు, మేకది 15 నుంచి 20. నీళ్లు మాత్రం లీటరే పొయ్యుండ్రి, కుక్కర్ల ఇగరది. మూత పెట్టకముందే నురగ తీసెయ్యాలె.

కాయకు కుక్కర్ వద్దు. ఒక్క విజిల్‌కే గ్రాండ్ నైన్ చిదురైతది, బొంత అంచులు కరిగి నడుమల గట్టిగ ఉంటది. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడాల్నంటే మూత తియ్యాలె కదా.

#13 డాలస్_కూరగాయ
అమెరికాలో వండేవాళ్ల కోసం. సూపర్‌మార్కెట్లో పచ్చగా కనబడే అరటి చాలావరకు పనికిరాదు. షాపుకి రాకముందే ఇథిలీన్ గదుల్లో మగ్గడం మొదలుపెట్టించి పంపుతారు. పైకి పచ్చగా ఉన్నా లోపల పిండి చక్కెరగా మారుతుంటుంది, కూర తియ్యగా జిగటగా వస్తుంది. గుర్తు ఏమిటంటే తొక్క చేత్తో ఒలిస్తే ఊడి వచ్చేస్తుంది, విరిస్తే వంగుతుంది. కూరకి పనికొచ్చే కాయ టక్కున విరుగుతుంది, బంక కారుతుంది.

లాటిన్ అమెరికా సరుకుల షాపుల్లో గినెయో వెర్దె అని అడగండి. కూరకే అమ్మే పచ్చి అరటి అది. పక్కనే పొడుగ్గా, లావుగా ఉండే ప్లాంటెయిన్ ఉంటుంది, పొరపాటున అది తేవద్దు. దాంతో ముక్క విరగకుండా నిలుస్తుంది గానీ పులుసుని చిక్కబరచదు. 25 నిమిషాలైనా పడుతుంది, అయినా పొడిగానే ఉంటుంది. టాంజానియాలోనూ మ్కోనో వా టెంబో, అంటే ఏనుగు చెయ్యి, అనే అలాంటి పెద్ద కాయ ఉంది.

#14 గోదారి_రుచులు
అయితే ఒక ప్రశ్న. పొరపాటున ముక్కలు చిదిరిపోయి ముద్దయిపోతే ఆ కూర పారెయ్యాల్సిందేనా?

#15 దార్_వంటిల్లు
ఎందుకండీ, అదే మ్టోరి! చగ్గా వాళ్లు కావాలనే అలా చేస్తారు, చిక్కటి సూపులాగా. బాలింతలకి ప్రత్యేకంగా పెట్టేది కూడా.

పద్ధతిగా చెయ్యాలంటే కాయలు 8 నుంచి 10 గ్రాండ్ నైన్, మాంసం కిలో, ఉల్లిపాయ 1, బంగాళదుంప 1, కావాలంటే. టమాటా వద్దు. ఉడికిన మాంసాన్ని ఎముక నుంచి విడదీసి చిన్న ముక్కలు చేసుకోండి. కాయలు, ఉల్లిపాయ, దుంప మాంసం నీళ్లలో మునిగేలా 30 నిమిషాలు బాగా మెత్తగా ఉడికించి, అందులోనే చిలకండి. వాళ్లు కిపెకెచో అనే చెక్క పనిముట్టు వాడతారు, అరచేతుల మధ్య తిప్పడమే, మన చిన్న కవ్వమో పప్పుగుత్తో చాలు. మిక్సీ వెయ్యొద్దు. బ్లేడు వేగానికి పిండి సాగి, గంజిలా జిగురుగా మారుతుంది, ఆ తర్వాత ఎంత నీళ్లు పోసినా అది పోదు.

మాంసం కలిపి, ఒక చెంచా వెన్న వేసి, ఇంకో 5 నిమిషాలు. గరిటె నుంచి ధారగా జారాలి. కంచంలో చల్లారేసరికి గట్టిపడుతుంది కాబట్టి పొయ్యి మీద పల్చగా ఉన్నట్టే దించండి.

#16 కొవ్వూరు_తోట
మ్టోరికి మాత్రం బొంత అస్సలు వద్దు. చిలికినా పలుకులు నాలుకకి తగులుతూనే ఉంటాయి.

#17 పచ్చబొంత
మిగిలితే మర్నాటికి? పక్కన ఏం పెట్టుకుంటారు?

#18 ఉడుకుపప్పు
ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగానే ఉంటుంది. చల్లారిన పిండి బిగుసుకుంటుంది కాబట్టి వేడి చేసేటప్పుడు గ్లాసుకి సగం వేడినీళ్లు పోసి, మూతపెట్టి సన్నసెగ. ఫ్రీజర్‌లో పెట్టకండి. కరిగాక కాయలోంచి నీళ్లు విడిపోయి స్పాంజిలా మిగులుతుంది. మాంసాన్ని, నీళ్లని విడిగా ఫ్రీజ్ చేసి, కాయ ఏ రోజుకారోజు వేసుకోవడం నయం.

పక్కన కచుంబరి: సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఉప్పు. మన దేశపు కచుంబర్ పేరే అది. అన్నం అక్కర్లేదు, కాయే అన్నం.

#19 కంపాలా_బోటి
ఉప్పు ఒక్కటి మిగిలింది. మాంసంలో వేసిన ఉప్పు నీళ్లు ఇగిరేకొద్దీ ముదురుతుంది, కాయ మాత్రం ఉప్పు బాగా పీల్చుకుంటుంది. అందుకని మాంసం ఉడికేటప్పుడు కిలోకి ఒక చెంచాయే వేసి ఆపండి. రెండో విడత కాయ ఉడికాక, పులుసు కాదు, కాయ కొరికి చూసి వెయ్యండి. పులుసు రుచి చూసి వేస్తే కాయ చప్పగా మిగులుతుంది.

#20 పచ్చబొంత
సరే. గ్రాండ్ నైన్ 1.25 కిలోలు, మేకమాంసం కిలో, టమాటా విడిగా, నిమ్మ కంచంలో. ఆ తెల్ల పీచు పొర తీయడానికి కత్తిపీట కన్నా చిన్న చాకే నయమనుకుంటా?

#21 గిన్నెలబండి
చాకే అన్నా. నూనె రాసుడు మర్వకు.